సందర్శన నోట్ నుంచి మొదలైన శిక్షణ: ఒక విశ్వవిద్యాలయ నిధుల సేకరణ విభాగంలో 18 నెలల అనుభవం

ఈ కేసు ఒక మధ్యస్థాయి విశ్వవిద్యాలయానికి చెందినది. అక్కడి నిధుల సేకరణ విభాగంలో సిబ్బంది శిక్షణ బాధ్యతను నాకు అప్పగించే నాటికి మొత్తం 8 మంది పనిచేస్తున్నారు. పెద్ద విరాళాల కోసం దాతలను కలిసే అధికారులు ముగ్గురు, పూర్వ విద్యార్థుల వార్షిక విరాళాలను చూసేవారు ఇద్దరు, దాతల వివరాలు సేకరించే పరిశోధకురాలు ఒకరు, డేటాబేస్ నిర్వహించేవారు ఒకరు, కృతజ్ఞతా లేఖలూ వినియోగ నివేదికలూ పంపేవారు ఒకరు. వీరిలో ఏ ఒక్కరూ ఈ వృత్తిని చదువుకుని వచ్చినవారు కారు. ఒకరు బ్యాంకు నుంచి, ఒకరు బోధన నుంచి, ఇద్దరు ప్రచార విభాగాల నుంచి వచ్చారు. మిగిలినవారు అదే విశ్వవిద్యాలయంలో చదివి అక్కడే ఉద్యోగంలో చేరినవారు. ఈ రంగంలో ఇది సర్వసాధారణం.

విద్యాసంస్థల కోసం విరాళాలు అడగడం మాత్రం చాలా పాత పని. హార్వర్డ్ కళాశాల పుట్టిన కొద్ది ఏళ్ళకే, 1641లో, నిధులు కూడగట్టడానికి ముగ్గురు ప్రతినిధులు సముద్రం దాటి ఇంగ్లండుకు వెళ్ళారు. పూర్వ విద్యార్థుల నుంచి ఏటా విరాళాలు స్వీకరించే నిధిని యేల్ విశ్వవిద్యాలయం 1890లో నెలకొల్పింది. ఈ పని చేసేవారికి ప్రమాణాలూ శిక్షణా అందించే ప్రధాన అంతర్జాతీయ సంఘమైన 'కేస్' మాత్రం, అంతకుముందున్న రెండు సంఘాల విలీనంతో, 1974లో గానీ ఏర్పడలేదు. పని వయసుకూ శిక్షణ వయసుకూ మధ్య ఉన్న ఈ దూరం మా విభాగంలో కూడా కనిపించేది. ప్రతి అధికారీ తనకు తోచిన పద్ధతిలో, పక్కవారి అనుభవం ఏమిటో తెలియకుండా, ఒంటరిగా నేర్చుకుంటూ వచ్చాడు.

మొదటి ప్రయత్నం

నేను మొదట చేసినది అందరూ చేసేదే. బయటి నుంచి ఒక నిపుణుడిని పిలిపించి, విరాళం ఎలా అడగాలో నేర్పే రెండు రోజుల కార్యశాల ఏర్పాటు చేశాను. ఆయన మంచి వక్త, విషయం తెలిసినవాడు. చివర్లో నింపిన అభిప్రాయ పత్రాల్లో 8 మందీ కార్యశాలను మెచ్చుకున్నారు, వాటిని చూసి నేనూ సంతృప్తి పడ్డాను. మూడు నెలల తర్వాత ఒక్కొక్కరితో విడిగా కూర్చుని, ఆ కార్యశాలలో నేర్చుకున్నది ఏదైనా ఒక సమావేశంలో వాడారా అని అడిగితే, ఇద్దరు మాత్రమే ఏదో ఒకటి చెప్పగలిగారు. వారికి గుర్తున్నది కూడా ఆ నిపుణుడు చెప్పిన ఒక కథే తప్ప పద్ధతి కాదు.

శిక్షణ ఫలితాన్ని నాలుగు మెట్లుగా చూడాలని, శిక్షణల మూల్యాంకనంపై పనిచేసిన అమెరికన్ ఆచార్యుడు డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ 1959లోనే ప్రతిపాదించాడు. శిక్షణ పొందినవారికి అది నచ్చిందా, వారు ఏమైనా నేర్చుకున్నారా, పనిచేసే తీరు మారిందా, సంస్థకు ఫలితం కనిపించిందా అన్నవి ఆ నాలుగు మెట్లు. నేను మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయి, పై మూడూ వాటంతట అవే వస్తాయని అనుకున్నాను. కొత్తగా నేర్చుకున్నది మొదటి గంటల్లో, మొదటి రోజుల్లోనే ఎక్కువగా మరపున పడుతుందని జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఎబింగ్‌హౌస్ 1885లో తన మీద తానే ప్రయోగాలు చేసుకుని చూపించాడు. రెండు రోజుల పాటు ఏకబిగిన చెప్పి, ఆ తర్వాత ఒక్కసారి కూడా మననం చేయించని కార్యశాలకు పట్టే గతి ఏమిటో ఆ ప్రయోగమే చెబుతుంది.

నోట్లలో కనిపించినది

రెండో ప్రయత్నానికి ముందు, అసలు లోపం ఎక్కడుందో చూడాలని, గడిచిన ఏడాదిలో ముగ్గురు అధికారులూ డేటాబేస్‌లో నమోదు చేసిన సందర్శన నోట్లన్నీ వరుసగా చదివాను. దాతను కలిసి వచ్చిన తర్వాత అధికారి రాసే చిన్న నివేదికనే మేము సందర్శన నోట్ అంటాము. దాదాపు ప్రతి నోటూ ఒకే అచ్చులో ఉంది. వాటిలో ఒకదాన్ని, దాత ఎవరో తెలియనివ్వకుండా, ఇక్కడ ఇస్తున్నాను: "దాతను ఇంట్లో కలిశాను. సమావేశం బాగా జరిగింది. కొత్త ఉపకార వేతనాల పథకం గురించి వివరించాను. విశ్వవిద్యాలయం పట్ల సదభిప్రాయం ఉంది. త్వరలో మళ్ళీ సంప్రదించాలి."

ఈ నోట్ రాసిన అధికారిని పిలిచి, ఆ రోజు ఏం జరిగిందో నెమ్మదిగా చెప్పమని అడిగాను. ఆమె దాదాపు ఇరవై నిమిషాలు చెప్పింది. ఆ దాత పదవీ విరమణ చేసిన ఇంజినీరు. చదువుకునే రోజుల్లో పగలంతా బయట పనిచేసి, సాయంత్రం మాత్రమే ప్రయోగశాలకు రాగలిగేవాడు. తలుపు మూసేసే వేళ దాటినా, అక్కడి సహాయకుడు ఆయన కోసం దీపం ఆర్పకుండా కూర్చునేవాడు. ఆ సహాయకుడి పేరు ఇప్పటికీ ఆయనకు గుర్తుంది. "ఇప్పుడు ఆ ల్యాబ్ సాయంత్రాలు తెరిచి ఉంటుందా అమ్మా?" అని ఆయన రెండుసార్లు అడిగాడట. ఆమెకు సమాధానం తెలియలేదు. ఉపకార వేతనాల పథకం గురించి చెప్పవలసినది ఇంకా మిగిలి ఉండడంతో, కనుక్కుని చెబుతానని మాట ఇచ్చి, ఆ విషయం మరిచిపోయింది.

ఆ ఇరవై నిమిషాల్లో ఉన్నదేదీ నోట్‌లో లేదు. మేము చెప్పినది ఉంది, ఆయన చెప్పినది లేదు. ఆయన అడిగిన ఒకే ఒక్క ప్రశ్న లేదు, మేము ఇచ్చిన మాట కూడా లేదు. మిగిలిన నోట్లను ఈ దృష్టితో మళ్ళీ చదివితే, దాత నోటి మాటను ఉన్నదున్నట్టుగా రాసినవి వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్నే కనిపించాయి.

దీనికి అధికారులను తప్పుపట్టడం న్యాయం కాదు. నెలకు ఎన్ని సందర్శనలు చేశారన్న లెక్కతోనే వారి పనిని అప్పటిదాకా అంచనా వేశాము. ఆ లెక్కను ప్రవేశపెట్టినవారిలో నేను కూడా ఉన్నాను. సందర్శన జరిగిందని రుజువు చేయడానికి ఐదు వాక్యాలు చాలు కాబట్టి వారు ఐదు వాక్యాలే రాశారు. మేము దేన్ని లెక్కించామో అదే వచ్చింది. అడగడం ఎలాగో నేర్పే కార్యశాల ఎందుకు ఫలించలేదో కూడా నాకు అప్పుడే అర్థమైంది. ఎదుటివారు ఏం చెబుతున్నారో పట్టించుకునే అలవాటు లేని చోట, ఎంత చక్కటి మాటలతో అడిగినా అది వేరొకరిని అడిగినట్టే ఉంటుంది.

శిక్షణను మళ్ళీ కట్టిన తీరు

రెండో దశలో కార్యశాలలు మానేసి, వారానికి ఒకసారి గంటన్నర పాటు అందరం కలిసి కూర్చునే పద్ధతి పెట్టాము. దానికి కేంద్రం సందర్శన నోట్. కొత్త నోట్‌లో నాలుగు ప్రశ్నలకు మాత్రమే సమాధానం రాయాలి. దాత తన మాటల్లో ఏమన్నారు? ఏం అడిగారు? మనం ఏం మాట ఇచ్చాము, ఎప్పటిలోగా? ఇంకా మనకు తెలియనిది ఏమిటి? ప్రతి వారం ఒక నోట్‌ను రాసినవారు కాక మరొకరు పైకి చదువుతారు. చదివినవారికి ఆ దాత కళ్ళ ముందు కనిపించకపోతే, ఎక్కడ కనిపించలేదో చెబుతారు. మొదటి నెల ఇది చాలా ఇబ్బందిగా సాగింది. తమ నోట్ చదువుతుంటే తలవంచుకుని కూర్చున్నవారిని చూశాను. నాలుగో వారం నుంచి నేను పాత రోజుల్లో రాసిన నోట్లను ముందుగా చదివించడం మొదలుపెట్టాను. అవి కూడా అంతే అధ్వానంగా ఉండడం చూశాక గదిలో బిగువు సడలింది.

నోట్‌లో ఏం రాయకూడదన్నది కూడా అంతే శ్రద్ధగా చర్చించాము. దాత స్వయంగా చదివితే నొచ్చుకునే వాక్యం ఏదీ అందులో ఉండరాదు. కుటుంబ కలహాలు, అనారోగ్య వివరాలు, ఇతరుల గురించి విన్న ఊసులు డేటాబేస్‌లోకి ఎక్కరాదు. ఇది మర్యాదకు మాత్రమే పరిమితమైన విషయం కాదు. 2018 మే 25 నుంచి అమల్లోకి వచ్చిన యూరోపియన్ యూనియన్ డేటా రక్షణ నిబంధనల ప్రకారం, ఒక వ్యక్తి తన గురించి సంస్థ దాచుకున్న సమాచారాన్ని చూపించమని అడిగే హక్కు కలిగి ఉంటాడు. పూర్వ విద్యార్థులు దేశదేశాల్లో ఉంటారు కాబట్టి ఏ విశ్వవిద్యాలయమూ ఈ నియమం తనకు సంబంధం లేదనుకోవడం క్షేమం కాదు.

ఆ గంటన్నరలో సగం సమయం అభ్యాసానికి ఇచ్చాము. ముగ్గురు ముగ్గురుగా కూర్చుంటారు: ఒకరు అధికారి, ఒకరు దాత, మూడోవారు గడియారం చేతపట్టుకుని ఎవరు ఎంతసేపు మాట్లాడారో రాసుకుంటారు. మొదట్లో అధికారి పాత్రలో ఉన్నవారు తమకు తెలియకుండానే సమయంలో ఎక్కువ భాగం తామే మాట్లాడేవారు. తాము సగమే మాట్లాడామని గట్టిగా నమ్మినవారు కూడా మూడోవారు రాసుకున్న అంకెలు చూసి ఆశ్చర్యపోయారు.

అడిగిన తర్వాత వచ్చే మౌనం దగ్గర మేము అన్నిటికంటే ఎక్కువసేపు ఆగాము. విరాళం ఎందుకో, ఎంతో ఒకే వాక్యంలో స్పష్టంగా చెప్పి, ఆ తర్వాత నోరు మెదపకుండా ఉండడం చెప్పినంత సులభం కాదు. మా అధికారులలో ఒకరు అభ్యాసంలో మొత్తం చెప్పిన మూడు క్షణాలకే "అంత కాకపోయినా పర్వాలేదండి, విడతలుగా కూడా ఇవ్వవచ్చు" అనేవాడు. దాత పాత్రలో ఉన్న సహోద్యోగిని ఒకసారి అభ్యాసాన్ని ఆపి, "నేను కాదనలేదు, లెక్క వేసుకుంటున్నాను. మీరే మీ మొత్తాన్ని తగ్గించేశారు" అంది. ఆ మాట ఆయనకు ఏ నిపుణుడు చెప్పినదానికంటే బాగా ఎక్కింది. ఆ తర్వాత ఆరు వారాలు వరుసగా అదే ఒక్క వాక్యాన్ని, అదే ఒక్క మౌనాన్ని సాధన చేశాడు. నైపుణ్యం పెరగడానికి పనినంతటినీ పదేపదే చేయడం కంటే, బలహీనంగా ఉన్న చిన్న భాగాన్ని విడదీసి, వెంటనే ఎవరో ఒకరు సరిదిద్దుతుండగా సాధన చేయడం మేలని నేను ఎప్పటినుంచో చదువుతున్నాను. అది నిజమని కళ్ళారా చూసింది మాత్రం అప్పుడే.

ఇచ్చిన మాట విషయంలో

నైతిక నియమాలను చాలా చోట్ల ఉద్యోగంలో చేరిన రోజున ఒక కాగితంగా చేతికిచ్చి సంతకం తీసుకుంటారు. మేమూ అలాగే చేసేవాళ్ళం. శిక్షణ మొదలైన ఐదో నెలలో మా అధికారి ఒకరు, పఠన మందిరానికి దాత తల్లిగారి పేరు పెడతామని మంచి మనసుతో నోటిమాటగా చెప్పి వచ్చాడు. పేర్లు పెట్టే అధికారం పాలకమండలిది. మండలి అంగీకరించలేదు. ఆ మాట వెనక్కి తీసుకోవడానికి నేనూ ఆయనా కలిసి ఆ దాత ఇంటికి వెళ్ళాము. ఆవిడ కోప్పడలేదు. "అమ్మతో అప్పుడే చెప్పేశాను" అని మాత్రం అంది. ఆ సాయంత్రాన్ని నేను మరిచిపోలేదు, మరిచిపోవాలనుకోవడం కూడా లేదు.

దాని తర్వాత నీతి నియమాల పాఠాన్ని కాగితం నుంచి కేసుల్లోకి తెచ్చాము. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయానికి సంబంధించిన రాబర్ట్‌సన్ వివాదాన్ని రెండు వారాలు చదివాము. చార్లెస్, మారీ రాబర్ట్‌సన్ దంపతులు 1961లో 3.5 కోట్ల డాలర్ల విరాళం ఇచ్చారు. ప్రభుత్వ సేవకు, ముఖ్యంగా అంతర్జాతీయ వ్యవహారాలకు, పట్టభద్రులను తయారు చేయాలన్నది దాని ఉద్దేశం. ఆ నిధిని ఉద్దేశించిన పనికి వాడడం లేదంటూ వారి వారసులు 2002లో కోర్టుకెక్కారు. ఆరేళ్ళకు పైగా సాగిన ఆ వ్యాజ్యం 2008 డిసెంబరులో రాజీతో ముగిసింది. ఈ కేసులో ఎవరిది ఒప్పో తేల్చడం మా ఉద్దేశం కాదు. విరాళం ఇచ్చిన నలభై ఏళ్ళ తర్వాత, పుచ్చుకున్నవారూ ఇచ్చినవారూ వెళ్ళిపోయాక, ఒప్పంద పత్రంలోని ఒక్కొక్క పదాన్నీ అపరిచితులు చదువుతారన్న ఎరుకతో రాయాలని మా వాళ్ళకు తెలియజెప్పడమే మాకు కావలసింది. చివరికి, ఎవరు ఏ మేరకు మాట ఇవ్వవచ్చో చెప్పే ఒక పేజీ పత్రాన్ని అధికారులే కూర్చుని రాసుకున్నారు. నేను రాసి ఇచ్చి ఉంటే దానికి అంత విలువ ఉండేది కాదు.

1993లో అమెరికాలోని నాలుగు వృత్తి సంఘాలు కలిసి రూపొందించిన దాతల హక్కుల ప్రకటనను కూడా ఇలాగే చదివాము. అందులోని పది హక్కుల్లో చివరిది, దాత స్వేచ్ఛగా ప్రశ్నలు అడిగి, సత్వరమైన, నిజమైన సమాధానాలు పొందే హక్కు. ప్రయోగశాల సాయంత్రాలు తెరిచి ఉంటుందా అని అడిగిన ఇంజినీరును నోట్ రాసిన అధికారి తనంతట తానే ఆ రోజు గుర్తు చేసుకుంది. ఇదే కాలంలో, తెచ్చిన విరాళంలో శాతం చొప్పున అధికారులకు ప్రోత్సాహకం ఇస్తే బాగుంటుందని పై నుంచి ఒక సూచన వచ్చింది. నిధుల సేకరణ వృత్తి సంఘాల నియమావళి అటువంటి కమీషన్‌ను అనుమతించదని, దాత అవసరానికంటే తన వాటాకు అధికారి ఎక్కువ విలువ ఇచ్చే ప్రమాదమే దానికి కారణమని రాతపూర్వకంగా తెలిపాము. సూచన ఉపసంహరించుకున్నారు.

అడగనివారి శిక్షణ

శిక్షణ అంటే దాతల ఎదుట కూర్చునేవారికే అని నేను చాలాకాలం అనుకున్నాను. డేటాబేస్ నిర్వహించే ఉద్యోగిని ఒకసారి అధికారితో పాటు ఒక వృద్ధ దాత ఇంటికి వెళ్ళమన్నాను. అక్కడ బల్ల మీద మా విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన ఉత్తరం ఉంది. దాని మీద ఆవిడ పేరుతో పాటు, నాలుగేళ్ళ క్రితమే కన్నుమూసిన ఆవిడ భర్త పేరు కూడా ఉంది. తిరిగి వచ్చిన ఆ ఉద్యోగి, ఎవరూ చెప్పకుండానే, దంపతుల పేరిట ఉన్న చిరునామాలన్నిటినీ సరిచూసే పని పెట్టుకుని మూడు నెలల్లో పూర్తి చేశాడు. అంతకుముందు అదే పని చేయమని మేము రెండుసార్లు ఉత్తర్వులిచ్చినా జరగలేదు.

వృత్తి ధ్రువపత్రాల గురించి చాలామంది అడుగుతారు కాబట్టి ఒక మాట. ఇద్దరు అధికారులు సీఎఫ్ఆర్ఈ అనే అంతర్జాతీయ ధ్రువీకరణకు చదివారు. దాన్ని మూడేళ్ళకొకసారి, నిరంతర విద్య చూపించి, పునరుద్ధరించుకోవాలి. ఆ చదువు వల్ల వృత్తి పరిభాష, ప్రణాళిక, నియమాల మీద వారికి మంచి పట్టు వచ్చింది. గదిలో దాత ఎదుట కూర్చున్నప్పటి నేర్పు మాత్రం దానివల్ల వచ్చినట్టు నాకు కనిపించలేదు. బయటి సదస్సులకు పంపినవారు తిరిగి వచ్చిన వారంలోగా మిగతావారికి ఒక పాఠం చెప్పాలన్న నియమం పెట్టాక, ఎవరు ఏ సదస్సుకు వెళ్ళాలో వారే జాగ్రత్తగా ఎంచుకోవడం మొదలుపెట్టారు.

ఫలితాలు, మిగిలినవి

18 నెలల్లో విరాళాల మొత్తం పెరిగింది. ఆ పెరుగుదలను శిక్షణ ఖాతాలో వేయడానికి నేను ఒప్పుకోను. ఒక్క పెద్ద విరాళం ఆ ఏడు వచ్చినా, మరుసటి ఏడుకు జారినా అంకె తారుమారవుతుంది. పెద్ద విరాళం పక్వానికి రావడానికి ఏడాదిన్నర, రెండేళ్ళు పట్టడం మామూలే. మేము కొలిచినవి వేరు. ఇచ్చిన మాటకు గడువులోగా జవాబు వెళ్ళిందా అన్నది ప్రతి నెలా చూశాము. నోట్లలో దాత మాట ఉందా అన్నది చూశాము. ఈ రెండింటిలోనూ మార్పు నిస్సందేహంగా వచ్చింది. సందర్శనల సంఖ్య కొంత తగ్గింది. ఆ తగ్గుదలను పై అధికారులకు వివరించి ఒప్పించడానికి నాకు రెండు సమావేశాలు పట్టింది.

ఇంజినీరుగారి సంగతి చెప్పాలి. ఆయన ప్రశ్నకు సమాధానం ఏడు నెలలు ఆలస్యంగా, క్షమాపణతో సహా వెళ్ళింది: ప్రయోగశాల ఇప్పుడు సాయంత్రం ఐదుకే మూతపడుతోంది, సహాయకుడికి అదనపు గంటల జీతం లేకపోవడమే కారణం. ఆ జీతానికి సరిపడే మొత్తాన్ని ఆయన మూడేళ్ళ పాటు ఇస్తానన్నాడు. ఉపకార వేతనాల కోసం మా జాబితాలో ఆయన పేరు ఎదుట రాసుకున్న అంకె కంటే ఇది తక్కువ. ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరూ చెప్పలేకపోయారు. పదహారో నెలలో ఆ అధికారి వేరే ఊరికి వెళ్ళిపోయినప్పుడు, ఆమె స్థానంలో వచ్చిన యువకుడు మొదటి వారమంతా ఆమె నోట్లే చదివాడు.

పూర్తిగా విఫలమైనది డీన్‌ల శిక్షణ. దాతలు తరచు డీన్‌నే కలవాలని కోరతారు. డీన్‌లు తమ విభాగానికి ఏం కావాలో చెప్పడంలో మునిగిపోతారు. వారి కోసం మూడు తరగతులు పెడితే ఐదుగురిలో ఇద్దరే వచ్చారు, మూడో తరగతికి ఒక్కరు. వారి సమయం మీద ఒత్తిడి నిజమైనదే కాబట్టి తరగతులు మానేసి, ప్రతి సందర్శనకు ముందు ఇరవై నిమిషాలు, తర్వాత పది నిమిషాలు అధికారి వారితో కూర్చునే ఏర్పాటు చేశాము. ముందు కూర్చోవడానికి డీన్‌లు ఒప్పుకుంటున్నారు. తర్వాతి పది నిమిషాలు సగం సందర్భాల్లో ఇంకా జరగడం లేదు. దాత ఏమన్నారో గుర్తున్నది ఆ పది నిమిషాల్లోనే కాబట్టి, వచ్చే విడతలో ఆ సంభాషణను తిరుగు ప్రయాణంలో, కారులోనే పూర్తి చేయించి చూడబోతున్నాము.